తెగేదాకా లాగరాదు

తెగేదాకా లాగరాదని మన పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాటను మనం అన్నదమ్ముల తగవులకూ, వియ్యాలవారి పట్టుదలలకూ వాడుకుంటున్నాము. కాని కపిల తోలిన రైతుకు అది అక్షరాలా తాడును గురించిన మాటే. మోకు తెగితే ఎద్దులు ముందుకు తూలుతాయి, బాన బావిలో పడుతుంది, తెగిన కొస ఎవరిని కొడుతుందో చెప్పలేము. అందుకే అతడు రోజూ మోకును చేత్తో తడిమి చూసుకున్న తరువాతనే కాడి కట్టేవాడు.

ఈ నెల మా శీర్షికకు కూడా తాడే విషయం. అయితే ఇది బావి తాడు కాదు. దారిలో చెడిపోయిన బండిని మరొక బండికి కట్టి లాగే తాడు. దుకాణాలలో దీనిని టోయింగు బెల్టు అంటారు. మన ఇళ్ళలో కార్లు పెరిగాయి, పల్లెల్లో ట్రాక్టర్లు పెరిగాయి. శ్రీనివాసపురం మామిడి తోటలలోనుంచి కాయ దిగే రోజుల్లోనూ, కోలారు మార్కెట్టుకు టమోటా తోలే రోజుల్లోనూ బండి దిగబడని ఊరంటూ ఉండదు. దిగబడిన బండిని చూసి ఆగకుండా పోయే అలవాటు మన జిల్లావారికి ఇంకా రాలేదు. అది మనకు గర్వకారణమే. కాని ఆగినవారు చేతికి అందినదానితో కట్టి లాగుతారు. చాంతాడు, లారీ మీద టార్పాలిను కట్టే తాడు, కొట్టంలోని పలుపు, ఏదైతేనేమి! పదిమందీ చుట్టూ చేరి, “ఆ, లాగు లాగు” అని కేకలు వేస్తారు. పిల్లలు అందరికన్నా ముందు నిలబడతారు. మేము ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ పిల్లలే.

తాడు సంగతి చెప్పడానికి మన బంగారు గనులకన్నా మంచి బడి లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన నాటినుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన దినంవరకు, ఇక్కడ వేలాది కుటుంబాల అన్నం ఒక ఉక్కుతాడు కొసన వేలాడింది. షిఫ్టుకు దిగే మనిషి కేజులో కాలు పెట్టాడంటే తన ప్రాణాన్ని ఆ తాడుకు అప్పగించినట్టే. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత లోతుకు ఒకే తాడుతో దింపడం కుదరదు. ఒక షాఫ్టులో కొంత దిగి, అక్కడ మరొక వైండింగు ఇంజను కింద ఇంకొక కేజు ఎక్కి, ఇలా అంచెలంచెలుగా దిగవలసి వచ్చేది.

దీనికి ముఖ్యమైన కారణం తాడు సొంత బరువు. అంగుళం మందం గల ఉక్కుతాడు మీటరుకు రెండున్నర కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. వెయ్యి మీటర్లు వదిలితే, కొసన ఈగ వాలకపోయినా, పైనున్న కప్పీ దగ్గర రెండున్నర టన్నుల బరువు పడుతూనే ఉంటుంది. కేజు, మనుషులు, రాయి ఆ పైన. కనుక తాడు ఎంత మోయగలదన్న దానికన్నా ఎంత మోయించరాదన్న లెక్కే గనిలో మొదటి లెక్క అయింది. మనుషులను దించే తాడుకు, పడే బరువుకు పదింతల బలం ఉండాలన్నది గనుల్లో చాలాకాలంగా వస్తున్న కొలత. లోతు ఎక్కువైన చోట తాడు బరువే భారమవుతుంది గనుక ఆ కొలతను కొంత తగ్గించక తప్పదు. తగ్గించిన చోట కూడా తెగే బలానికి దరిదాపులకు ఎన్నడూ పోనివ్వలేదు.

అంతటితో సరిపెట్టుకోలేదు. తాడును రోజూ చూసేవారు. ఏ తీగె తెగింది, ఎక్కడ అరిగింది, ఎక్కడ తుప్పు పట్టిందని పుస్తకంలో వ్రాసేవారు. నియమిత కాలానికి ఒకసారి కేజు దగ్గరి కొసను కొంత నరికివేసి, కొత్తగా కొస బిగించేవారు. గడువు తీరిన తాడు కంటికి బాగున్నా దించివేయవలసినదే.

ఇనుపతీగెల తాడు పుట్టినదీ గనిలోనే. 1834లో జర్మనీలోని హార్జ్ కొండల గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి దానిని మొదట చేయించాడు. అంతకు ముందు అక్కడ గొలుసులూ, నారతాళ్ళూ వాడేవారు. గొలుసులో ఒక్క లంకె విరిగితే మొత్తం గొలుసు పోతుంది. ముందుగా ఏ సూచనా ఉండదు. తీగెల తాడులో ఒకటి రెండు తీగెలు ముందు తెగి, చూసేవారికి హెచ్చరిక ఇస్తాయి. ఆ ఆల్బర్టే గొలుసులను పదేపదే లాగి చూసి మరొక సంగతి గమనించాడు. ఒకసారి మోసిన బరువునే అనేకసార్లు మోయిస్తే ఇనుము కూడా అలసిపోయి విరుగుతుంది. “నిన్న లాగింది కదా, నేడూ లాగుతుంది” అనేవారికి ఆ సంగతే జవాబు.

గని పద్ధతినంతా కూడితే నాలుగు ప్రశ్నలు తేలుతాయి. తాడు మీద ఎంత బరువు పడబోతోంది? అది మెల్లగా పడుతుందా, దెబ్బగా పడుతుందా? తాడు కొసలు దేనికి తగిలించాము? ఈ దినం తాడు ఏ స్థితిలో ఉంది? బండిని లాగేటప్పుడు కూడా ఈ నాలుగే అడగాలి.

మొదటిది బరువు. తారురోడ్డు మీద చదునైన చోట చెడిపోయిన కారును కదిలించడానికి పెద్ద బలం అక్కరలేదు. ఇద్దరు మనుషులు తోస్తే కదలడం అందరూ చూసినదే. టన్నున్నర కారుకు ఇరవై ముప్పై కిలోల లాగుడు చాలు. పదడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు మీద దానికి మరి 150 కిలోలు కలపాలి. అదే కారు చెరువు మట్టిలో దిగబడితే లెక్క మారిపోతుంది. సైన్యంలో బండ్లను బయటికి లాగేవారు వాడే అంచనా ఒకటి ఉంది. చక్రాల మేర కూరుకుపోతే బండి బరువంత లాగుడు కావాలి. మడ్‌గార్డుల మేర అయితే రెండింతలు. క్యాబిను మేర అయితే మూడింతలు. రోడ్డు మీద ముప్పై కిలోలతో కదిలిన కారే బురదలో టన్నున్నర, మూడు టన్నులు అడుగుతుంది. నిన్న రోడ్డు మీద పని చేసిన బెల్టు నేడు చెరువులో తెగడంలో ఆశ్చర్యం ఏముంది?

కాబట్టి బెల్టు తీసే ముందు పార తీయండి. చక్రాల ముందు మట్టి తవ్వి, రాళ్ళో కంపో పరచి, సరుకు దించితే సగం పని అయిపోతుంది. పార పట్టడం నామర్దా కాదు. దానివల్ల తాడు మీద పడే బరువు టన్నుల లెక్కన తగ్గుతుంది.

ఇక బెల్టు మీద వ్రాసి ఉండే అంకెను గురించి చెప్పాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. అంకెలు రెండు రకాలు. ఎంత దగ్గర తెగుతుందో చెప్పేది ఒకటి. ఎంతవరకు నిర్భయంగా వాడవచ్చునో చెప్పేది రెండవది. దుకాణదారు “ఇది మూడు టన్నులది సార్” అంటాడు. ఏ మూడు టన్నులని అడగండి. తెగే బలమే మూడు టన్నులైతే, బండి లాగే పట్టీలకు మామూలుగా పాటించే మూడింట ఒక వంతు లెక్క ప్రకారం, దానిని ఒక టన్నుకు మించి వాడరాదు. చీటీ మీద స్పష్టంగా లేకపోతే ఆ అంకెను తెగే బలంగానే భావించి మూడుతో భాగించుకోండి. అసలు చీటీయే కుట్టి లేని బెల్టును, ఎంత చవక అయినా, కొనవద్దు.

కట్టడాల దగ్గర బరువులెత్తే రంగురంగుల పట్టీలను కొందరు కారులో పెట్టుకుంటారు. యూరపు ప్రమాణం ప్రకారం చేసిన వాటిలో రంగే అంకె చెబుతుంది. ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిదరంగు నాలుగు, ఎరుపు ఐదు. అవి నిర్భయంగా వాడగల బరువులు. తెగే బలం వాటికి ఏడింతలు ఉండాలి. అయితే రంగు వేయడం ఎవరికైనా సులభమే. రంగుతోపాటు కుట్టిన చీటీ కూడా ఉంటేనే ఆ రంగును నమ్మండి.

రెండవ ప్రశ్న దెబ్బను గురించినది. బెల్టును వదులుగా వదిలి, ముందు బండిని వేగంగా ఉరికించి ఒక్క కుదుపు ఇవ్వడం మనవారికి అలవాటు. టన్నున్నర బండి గంటకు పది కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో ఉండే శక్తి, 60 కిలోల మనిషి పది మీటర్ల ఎత్తునుంచి కింద పడినంత. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. ఆ శక్తినంతా సాగని తాడు పది సెంటీమీటర్లలో పట్టి ఆపవలసి వస్తే, దాని మీద సగటున ఆరు టన్నుల లాగుడు పడుతుంది. ఒకటిన్నర మీటరు సాగే తాడైతే అదే పనికి సగటున 400 కిలోలు చాలు.

అందువల్లనే బెల్టుల్లో రెండు జాతులు ఏర్పడ్డాయి. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు కరోథర్స్ కనిపెట్టిన నైలాను బాగా సాగుతుంది. దానితో చేసిన బెల్టులు, తొమ్మిది మీటర్ల పొడవు గలవి, ఇసుకలోనుంచీ బురదలోనుంచీ బండిని బయటికి లాగడానికి ఉద్దేశించినవి. 1941లో ఇంగ్లండులో పుట్టిన పాలియెస్టరు తక్కువ సాగుతుంది. రోడ్డు మీద నిదానంగా లాక్కుపోవడానికి అది మేలు. పాలియెస్టరు బెల్టుకుగాని, ఉక్కుతాడుకుగాని, గొలుసుకుగాని ఎన్నడూ కుదుపు ఇవ్వరాదు. ముందు బండి మెల్లగా కదిలి, తాడు బిగిసిన తరువాతనే లాగాలి.

సాగే బెల్టుకు కూడా కొలత ఉంది. రెండు బండ్లలో తేలికైనది ఏదో చూసి, సరుకుతో సహా దాని బరువుకు రెండునుంచి మూడింతలు తెగే బలం గల బెల్టును ఎంచుకోవాలి. అంతకు తక్కువైతే తెగుతుంది. మరీ ఎక్కువైతే సాగదు; సాగకపోతే బెల్టు బదులు బండి కొక్కెం ఊడుతుంది. గట్టిది ఎప్పుడూ మంచిదేనన్న మాట ఇక్కడ చెల్లదు.

మరొక హెచ్చరిక. సాగిన బెల్టు లాగిన ఉండేలు వంటిది. పట్టు ఊడితే దానికి తగిలి ఉన్న ఇనుప ముక్కే రాయి.

అందుచేత మూడవ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. కొసలు దేనికి తగిలించాము? మనుషుల ప్రాణం తీసేది ఎక్కువగా తెగిన బట్ట కాదు, ఎగిరి వచ్చే ఇనుము. బండి వెనుక ట్రెయిలరు తగిలించే గుండ్రని ఉక్కు బంతికి బెల్టు వేసి లాగినప్పుడు ఆ బంతి విరిగి, ఎగిరి వచ్చి, మనుషులు చనిపోయిన సంఘటనలు ఆస్ట్రేలియాలో జరిగాయి. ఆ బంతి ట్రెయిలరును ఈడ్వడానికి చేసినది. కుదుపుకు చేసినది కాదు. బంపరుకు, యాక్సిలుకు, స్టీరింగు కడ్డీలకు కట్టడమూ అంతే తప్పు. కార్లలో చాలావాటికి బంపరులోని చిన్న మూత తీసి బిగించే లాగుడు కొక్కెం ఒకటి పనిముట్లతోపాటు ఇస్తారు. అది రోడ్డు మీద లాగడానికే గాని బురదలో కుదుపు ఇవ్వడానికి కాదు. చివరి మరవరకు బిగించాలి. సగం మరతో వదిలితే వంగిపోతుంది.

రెండు బెల్టులను కలపడానికి నడుమ ఇనుప షాకిలు వేయకండి. ముడి కూడా వేయకండి. ముడి వేసిన తాడు బలంలో సగందాకా పోగొట్టుకుంటుంది. బండి దగ్గర వాడే షాకిలు మీద దాని బరువు అంకె పోతపోసి ఉండాలి. 19 మిల్లీమీటర్ల మంచి షాకిలు మీద 4.75 టన్నులు అని కనిపిస్తుంది. అది నిర్భయంగా వాడగల బరువు. ఏ అంకె లేని షాకిలు గేటుకు గొళ్ళెంగా పనికివస్తుందే గాని బండి లాగడానికి పనికిరాదు.

ట్రాక్టరు గల రైతు సోదరులకు ప్రత్యేకంగా ఒక మనవి. లాగే తాడును వెనుక కిందుగా ఉండే డ్రాబారుకే తగిలించండి. యాక్సిలుకుగాని, పైనుండే టాప్‌లింకు చోటగాని కడితే, ఎదుటి బండి కదలనప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేస్తాయి. కన్ను మూసి తెరిచేలోగా ట్రాక్టరు వెనక్కు తిరగబడి నడిపేవాడి మీదనే పడుతుంది. దూకడానికి వ్యవధి ఉండదు.

నాలుగవ ప్రశ్న బెల్టు నేటి స్థితి. ఎండ నైలానునూ పాలియెస్టరునూ రెండింటినీ తింటుంది. జీపు పైన ఏడాది పొడుగునా కట్టి ఉంచిన బెల్టు రంగు వెలిసినదంటే బలమూ వెలిసినదనే అర్థం. తడిసిన నైలాను బలం కొంత తగ్గుతుంది. బ్యాటరీ ఆసిడ్ నైలానుకు విషం. బురదలోని ఇసుక రేణువులు నూలులోపల చేరి లోపలినుంచే కోస్తాయి. కనుక వాడిన తరువాత మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరవేసి, సంచిలో పెట్టండి. అంచు చిరిగినా, కుట్టు ఊడినా, ఎక్కడైనా కరిగి గట్టిపడినా, దానిని ముక్కలుగా కోసి పారవేయండి. అలాగే పారవేస్తే ఇంకెవరో పాపం ఏరుకొని వాడతారు.

ఇక లాగే సమయం. బెల్టుకు మెలికలు లేకుండా పరచండి. నడుమ ఒక తడిపిన గోనెసంచి గాని మందపు దుప్పటి గాని వేయండి. తెగితే విసురు కొంత తగ్గుతుంది. బండ్లలో ఉండవలసిన ఇద్దరు తప్ప అందరూ బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం పోవాలి. తొమ్మిది మీటర్ల బెల్టుకు సుమారు పద్నాలుగు మీటర్లన్నమాట. బెల్టుకు సూటిగా ఎవరూ నిలబడరాదు. బిగిసిన బెల్టును దాటరాదు. సైగలు చేయడానికి ఒక్కరే ఉండాలి. పదిమంది సైగలు చేస్తే డ్రైవరు ఎవరి మాట వింటాడు?

రోడ్డు మీద లాక్కుపోయేటప్పుడు వెనుక బండిలో లైసెన్సు గలవారే కూర్చోవాలి. తాళంచెవి తిప్పి స్టీరింగు విడిపించాలి. ఇంజను ఆగి ఉంటే బ్రేకు రాయిలాగ గట్టిపడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఇది తెలియనివారు మొదటి మలుపులోనే ముందు బండిని గుద్దుతారు. 1989 నాటి రోడ్డు నిబంధనలలో రెండు బండ్ల నడుమ దూరం అయిదు మీటర్లు మించరాదనీ, తాడు ఇతరులకు కనబడేలా చేయాలనీ, వెనుక బండికి లాగబడుతున్నదన్న బోర్డు కట్టాలనీ ఉండేది. 2017లో కొత్త నిబంధనలు వచ్చినా ఆ జాగ్రత్తలు పాతబడలేదు. గంటకు పాతిక కిలోమీటర్లు మించక, తాడుకు ఒక ఎర్రగుడ్డ కట్టి పొండి. ముళబాగిలు మీదుగా పోయే పెద్ద రహదారి మీద, రాత్రివేళ, ఆ పనికి అసలు పూనుకోకండి. క్రేను లారీని పిలిపించడమే మేలు.

ఆటోమేటిక్ గేరు కార్లనూ, విద్యుత్ కార్లనూ చక్రాలు నేల మీద ఆనించి లాగితే లోపలి యంత్రం చెడిపోవచ్చు. బండితో ఇచ్చిన పుస్తకం చూడకుండా వాటికి తాడు కట్టవద్దు. స్కూటర్లకు తాడు కట్టడం ఎన్నడూ చేయరాదు. ఒక స్కూటరు మీద కూర్చుని మరొకదానిని కాలితో తోసుకుంటూ పోయే మన కుర్రవాళ్ళ విద్య కూడా మానిపించవలసినదే.

ఇన్ని చెప్పినందువల్ల, దారిలో ఆగినవారికి సాయం చేయడం మానుకొమ్మని మా ఉద్దేశం కాదు. సాయం చేయబోయిన చేతులు తెగిన తాడు వల్ల పోగొట్టుకోరాదనే మా ఆశ. గనిలో తాత తండ్రులు దిగిన తాడును ప్రతి దినమూ ఎవరో ఒకరు చూసి, పుస్తకంలో సంతకం చేసిన తరువాతనే కేజు కదిలింది. మన బండిలోని బెల్టుకు అలా చూసే మనిషి వేరే ఎవరూ లేరు. ఈ ఆదివారం పొద్దున ఇంట్లో పెద్దవారు డిక్కీ తెరిచి, బెల్టు బయటికి తీసి, దాని చీటీ చదివి, అంచు తడిమి చూడండి. లాగుడు కొక్కెం పనిముట్లలో ఉన్నదా లేదా చూడండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకొని, తాడు లాగే చోట ఎంత దూరంలో నిలబడాలో అడుగులు వేసి చూపించండి. వారు మరచిపోరు.